పుట్టింటి పంది, అత్తింటి పోతు

నా పెళ్లికి మా అమ్మ అరణంగా ఒక ఆడ పందిపిల్లను ఇచ్చింది. పందులు పెంచే మా ఇళ్లలో బిడ్డ వెంట ఒక పిల్లను పంపడం ఆచారం. దాని సంతానమంతా ఆ బిడ్డ సొంతం. ఉప్పునుంతల దగ్గరి మా ఊరి నుంచి ఆత్మకూరు దగ్గరి అత్తగారింటికి అది నాతోపాటే ఆటోలో వచ్చింది. ముసురులోనూ, ఎండలోనూ దానికి ఒక్కనాడూ కడుపు జారే పారుడు రోగం పట్టలేదు. పంది అంటే ఇట్లా ఉండాలి అనేవాళ్లు చూసినవాళ్లు.

అట్లాంటిది, ఈనితే పిల్లలు దక్కలేదు. పుట్టినప్పుడు నున్నగా ఉండేవి, ఎగబడి పాలు తాగేవి. నాలుగు రోజులు తిరగకముందే నీళ్లలాగా పారుడు పట్టి పోయేవి. రెండో ఈతకూ అంతే. అదే దొడ్డిలో మా అత్త పంది ఉండేది. చిన్నప్పుడు పారుడుతో చచ్చి బతికిందట, ఇప్పటికీ దాని వీపు ఎముకలు కనబడతాయి. దాని పిల్లలు మాత్రం దొడ్డంతా ఉరికేవి. రెండింటికీ ఒకటే కుడితి, ఒకటే పోతు. ఆ మగపంది మా అత్తవాళ్లదే.

"సూడనీకె సక్కగుంటే సాలదు పిల్లా, సాకాలె," అన్నది అత్త. "మీ అమ్మ మంచి సోకులదాన్నే పంపింది."

"దానికేం రోగం లేదత్తా."

"అందుకే అమ్ముదామంటున్న. రోగమొస్తే ఎవడు కొంటడు?"

దొడ్డి కడిగాను, సున్నం చల్లాను, దిష్టి తీశాను. ఏదీ పని చేయలేదు. మళ్లీ చూలు కట్టకముందే అమ్మాలని ఇంట్లో ఖాయం చేశారు. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. మా ఆయన వెంటపడి ఒప్పించి, వనపర్తి పశువుల దవాఖానకు పోయాను. అత్త కూడా బయలుదేరింది, నేనేం చెబుతానో వినాలని.

డాక్టరు సారు అంతా విని, "నీ పందికి చిన్నప్పుడు పారుడు పట్టిందా?" అని అడిగాడు.

"ఎన్నడు పట్టలే సారు. మా అమ్మ దొడ్లె దేనికీ పట్టలే."

"అదే చిక్కు అయ్యుంటది," అన్నాడు. పేగు గోడకు ఒక గుంజలాంటిది ఉంటుందట. పారుడు తెచ్చే క్రిమి దానికే తగులుకుంటుందట. కొన్ని పందులకు పుట్టుకతోనే ఆ గుంజ ఉండదు, అది నెత్తుట్లో వచ్చేది, జన్యువు అంటారన్నాడు. "నీ దానికి లేనట్టుంది. పోతుకు ఉన్నట్టుంది. పిల్లలకు తండ్రి గుంజ వచ్చింది. తల్లికి రోగమే రాలేదు గనక దాని ముర్రుపాలల్ల ఆ రోగాన్ని ఆపే బలం లేదు. అత్తమ్మ పంది రోగం చూసింది, దాని పాలల్ల ఉంది."

"అంటే మంచిగుండుడే తప్పా సారు?" అన్నాను.

"తప్పెవరిది కాదమ్మా. జత కుదరలేదు. పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేను గానీ, మీ అమ్మోళ్ల మందల పోతుకు కూడ గుంజ ఉండకపోవచ్చు, అక్కడి నుంచే ఒకదాన్ని తెచ్చి చూడు. మరీ దగ్గరి నెత్తురు కాకుండ చూసుకో."

బస్సులో అత్త ఊరుకోలేదు. "నా చిన్న బిడ్డకు మేనరికం చేస్తమంటే పెద్ద దవాఖానల డాక్టరమ్మ వద్దన్నది. ఈయనేమో పందికి పుట్టింటి సంబంధమే చెయ్యమంటుండు. ఇద్దరు ఒక్క సదువేనా సదివింది?"

నాకూ అదే అర్థం కాలేదు. రోగం చూడని తల్లి పిల్లలను దక్కించుకోలేదు, రోగంతో చిక్కిన తల్లి దక్కించుకుంది. ఎటు తిప్పి ఆలోచించినా బుర్రకు ఎక్కలేదు. అయినా మా అమ్మ దొడ్డి నుంచి, వేరే పంది కడుపున పుట్టిన పోతును తెప్పించాను.

ఆ ఈతలో పిల్లలన్నీ నిలిచాయి. అత్త పొద్దున లేస్తూనే వాటి తోకలెత్తి చూసేది. ఎక్కడా తడి లేదు. అమ్ముడు మాట మళ్లీ ఎత్తలేదు. ఒకనాడు అన్నిట్లోకి బొద్దుగా ఉన్న ఆడపిల్లను చంకకెత్తుకొని, "గిది నా మనవరాలి అరణానికి. దీన్ని అమ్మొద్దు," అన్నది.

సరేనన్నాను. అప్పటినుంచి నాకు కొత్త పరేషాన్. ఇంకా ఊయలలో ఉన్న నా బిడ్డ రేపు ఏ ఊరికి కోడలిగా పోతుందో, అక్కడి పోతు కడుపులో గుంజ ఉంటుందో ఉండదో. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను మీ పందులకు పారుడు పడుతుందా అని ఏ నోటితో అడగను?