అమ్మ లైటుకి అడ్డమట

అక్క పెళ్లి ఆల్బమ్ మా ఇంట్లో టీవీ కింద అరలో ఉంటుంది. చుట్టాలెవరు వచ్చినా తీసి చూస్తారు, బాగుందంటారు. నిజంగానే బాగుంటుంది. ఐస్‌క్రీమ్ దగ్గర నిలబడ్డ బాబాయి స్నేహితులు కూడా ఉన్నారు అందులో. అమ్మ మాత్రం లేదు.

నాన్న పోయాక జరిగిన పెళ్లి అది. కన్యాదానానికి బాబాయి, పిన్ని పీటల మీద కూర్చున్నారు. అమ్మను రావద్దని ఎవరూ అనలేదు. తనే "నేనిక్కడే ఉంటాగా" అంటూ మండపం పక్కనున్న సామాన్ల గది గుమ్మంలో నిలబడిపోయింది. కొబ్బరిబొండాం, తలంబ్రాల పళ్లెం, పంతులుగారు ఏది అడిగితే అది అక్కణ్నించే అందించింది. పనుంది కాబట్టి అక్కడున్నాను అన్నట్టుగా.

నా పెళ్లి కుదిరినప్పుడు నగలూ చీరల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. పీటల దగ్గర, ఫొటోలో, అమ్మ ఉండాలి. అదొక్కటే డైరీలో రాసుకున్నాను. రాయడం తేలికే. నలుగురిలో నోరు తెరిచి చెప్పడమే నా వల్ల కాదు.

ఫంక్షన్ హాలు మళ్లీ అదే, గన్నవరం వెళ్లే దారిలో. కాబట్టి ఫొటోగ్రాఫర్ కూడా అప్పటాయనేనని బాబాయి తేల్చేశాడు.

"ఆ హాలు ఆయనకి కొట్టినపిండి. కొత్తవాళ్లయితే ప్లగ్గు వెతుక్కునేలోపు తాళి కట్టేస్తారు."

నా మనసేమో కొండపల్లిలో ఉండే ఒకమ్మాయి మీద ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమె పెట్టే పెళ్లి ఫొటోల్లో పూలు గుచ్చే చేతులు, ఆవలించే తాతయ్యలు ఉండేవారు. అలాంటి కన్నయితే అమ్మను చూస్తుందనిపించింది. ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాను. ఆ హాలు తనెప్పుడూ చూడలేదంది. "పర్లేదండీ, ముందురోజొచ్చి చూసుకుంటా" అంది. బాబాయికి చెబితే నవ్వాడు.

"ఏమ్మా, మన పెళ్లి మీద ఆ అమ్మాయి పని నేర్చుకుంటుందా?"

ముందు ఆ పాతాయనతో ఒకసారి మాట్లాడి రమ్మని పిన్ని నన్నూ బాబాయినీ పంపింది. స్టూడియో గవర్నరుపేటలో. మేం కూర్చోకముందే ఆయన మొదలుపెట్టాడు: "ఆ హాల్లో మండపం వెనక ఎర్రపూలు పెట్టించకండి సార్. కార్పెట్ ఎరుపూ అదీ కలిసి పెళ్లికూతురికి జ్వరమొచ్చినట్టుంటది." బాబాయి నావైపు గర్వంగా చూశాడు, హాలు తెలియడమంటే ఇదీ అన్నట్టు. ఇంతలో ఫోనొచ్చి బయటికి వెళ్లాడు.

అదే సమయమనుకున్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"అక్క పెళ్లి ఆల్బమ్‌లో మా అమ్మ ఒక్క ఫొటోలో కూడా లేదండీ."

ఆయన కంప్యూటర్‌లో పాత ఫోల్డర్ వెతికాడు. తెర మీదకి అమ్మ వచ్చింది. సామాన్ల గది గుమ్మంలో, పళ్లెం రెండు చేతులా పట్టుకుని. అక్క మెడలో తాళి పడుతున్నప్పటిదై ఉంటుంది. పెదవి బిగబట్టింది, కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

"ఆ హాల్లో ఇలా పక్కకుండే అమ్మలందరూ ఆ గుమ్మంలోనే నిలబడతారమ్మా. నేనటు తీస్తూనే ఉంటా. కానీ ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచి పంపింది మీ అమ్మగారే. తనవి తనే తీసేశారు."

అప్పట్లో అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కళ్లజోడు పెట్టుకుని ఆ ఫొటోలన్నీ చూస్తూ కూర్చునేది. అందరూ రావాలి, ఎవరూ నొచ్చుకోకూడదు అనేది. నేను పక్కనే కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని.

"ఈసారి మీరే ఎంచండి" అన్నాడాయన.

"నేను ఎంచినా, అమ్మ ఆ గుమ్మంలోనే ఉంటుంది కదండీ" అన్నాను.

ఆయన గడ్డం గోక్కుని, "చూద్దాంలెండి, లైట్లు నా చేతిలోవేగా" అన్నాడు. నాకర్థం కాలేదు. అయినా బాబాయి లోపలికి రాగానే "ఈయన్నే పెట్టుకుందాం బాబాయ్" అన్నాను. తన మాటే నెగ్గిందని బాబాయి దారంతా మురిసిపోయాడు. కొండపల్లి అమ్మాయికి క్షమించమని మెసేజ్ పెడితే, శుభాకాంక్షలతో పాటు బోలెడు పూల బొమ్మలు పంపింది.

పెళ్లిరోజు పొద్దున అడ్డుతెరకి ఇవతల తలొంచుకుని కూర్చున్నాను. ఓరగా చూస్తే అమ్మ ఆ గుమ్మంలోనే ఉంది, చేతిలో పళ్లెంతో.

"పంతులుగారూ, ఒక్క నిమిషం!"

మన పెళ్లిళ్లలో పంతులుగారిని ఆపగలిగేది ఫొటోగ్రాఫర్ ఒక్కడే. మంత్రం ఆగింది.

"అమ్మగారూ, మీరక్కడుంటే లైటుకి అడ్డం. నీడ పెళ్లికూతురి మొహం మీద పడుతోంది."

అమ్మ కంగారుగా గదిలోకి జరిగింది.

"అటు కాదండీ, ఆ తలుపు మూసెయ్యాలి. ఇటు రండి. ఇంకా ఇటు. అక్కడ స్టాండుంది, తగులుద్ది. మెట్టెక్కండి."

"నేనెందుకు బాబూ? కింద కుర్చీలో కూర్చుంటా."

"కింద వీడియో తీస్తున్నారండీ. ముహూర్తం దాటిపోద్ది, తొందరగా!"

పీటల మీద నుంచి బాబాయి కూడా అందుకున్నాడు. "వదినా, ఆయనకి హాలు తెలుసు. చెప్పినచోట నిలబడండి."

"రామ్మా, రా, టైమవుతోంది" అన్నారు పంతులుగారు.

పిన్ని చేయిచాచి పళ్లెం అందుకుని పక్కకి జరిగింది. అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. ఖాళీ అయిన చేతుల్ని ఏం చేయాలో తెలియక ఒకటి నా భుజం మీద వేసింది. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు నా తల మీద మావారి చెయ్యి, భుజం మీద అమ్మ చెయ్యి ఉన్నాయి. తాళి కట్టేదాకా అమ్మ కదల్లేదు. ఫొటోగ్రాఫర్ కదలనివ్వలేదు.

భోజనాలకి దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఆ గుమ్మం వైపు అసలు లైటే లేదు.

ఆల్బమ్ తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆయనకి చెప్పాలని డైరీలో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. తీరా వెళ్లాక "చాలా బాగుందండీ" అని మాత్రమే అనగలిగాను. "ఆ హాల్లో లైటింగ్ అలాంటిదమ్మా" అన్నాడాయన, మొహంలో నవ్వు కనపడనీకుండా. మొన్న మా ఆఫీసులో పెళ్లి కుదిరిన ఒకమ్మాయి, హాలు తెలిసిన ఫొటోగ్రాఫరే కావాలా అనడిగింది. వాళ్ల హాల్లో ఎవరెవరు ఎక్కడ నిలబడతారో ఆ ఫొటోగ్రాఫర్‌కి తెలుసేమో అడగమన్నాను.

ఈసారి ఫొటోలు నేనే ఎంచాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, నా భుజం మీద తన చెయ్యి ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

"జాకెట్టు మ్యాచింగ్ కుదర్లేదు. ఒక్కరైనా చెప్పారా?" అంది. తర్వాత, "నిజంగానే నీ మొహం మీద నీడ పడిందా అమ్మలూ?"

"పడిందమ్మా."

ఇప్పుడు చుట్టాలొస్తే రెండో ఆల్బమ్ అమ్మే తీస్తుంది. ఎవరూ అడక్కపోయినా ఆ పేజీ దగ్గర ఆగి చెబుతుంది: "నేను పక్కనే ఉన్నానండీ. ఆ ఫొటోగ్రాఫరే ఊరుకోలేదు. లైటుకి అడ్డమొచ్చానట."