జరిగింది జరిగినట్టు రాసిన మాస్టారు

మన స్టడీ సెంటర్లో చదివిన పిల్లలూ, అందరూ కులాసాగా ఉన్నారా? చంటిబిడ్డల్ని ఎత్తుకుని క్లాసులకొచ్చిన తల్లులు ఎలా ఉన్నారు? మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ బీపీలు అదుపులో ఉన్నాయా? వాచ్‌మన్ తాతగారి దగ్గు తగ్గిందా? అడగందే నా మనసు ఆగదు. మన మాస్టారు పోయారని సోమవారం పొద్దున్న తెలిసిన దగ్గర్నుంచి మరీను. పాలకొల్లు ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే గుండె ఆగిపోయిందట.

నేను ఐదో తరగతి చదివినదాన్ని. యూనివర్సిటీ సంగతులు నాకేం తెలుస్తాయి? మాస్టారి జ్ఞాపకంగా మీరు వేస్తున్న ఈ పుస్తకానికి ఏదైనా రాయమన్నారు కాబట్టి, మా మనవరాలి పరీక్షప్పుడు జరిగింది రాస్తున్నాను.

డిగ్రీ ఆఖరి పరీక్ష. ఇంట్లో కూర్చుని ఫోనులోనే రాయాలి. అది పోతే ఏడాది పోయినట్టే. సగం రాసేసరికి పేజీ కదలడం మానేసింది. యూనివర్సిటీ సర్వరే పడిపోయిందని, ఎవరికీ పనిచేయడం లేదని తర్వాత తెలిసింది. పిల్ల పక్కింటికి పరిగెత్తి, వాళ్ళ ఫోనులో మాస్టారిని అడిగింది. "ముందు టైము రాసుకోమ్మా, తర్వాత ఏడుద్దువుగాని" అన్నారట. పేజీ మూయొద్దని, పక్కవాళ్ళ ఫోనుతో దాన్ని ఫొటో తియ్యమని చెప్పారట.

పిల్ల తిరిగొచ్చేలోపు నేను చేసేదంతా చేసేశాను. ఛార్జింగులో ఉన్న ఫోను పెనంలా కాలుతోంది. పిల్ల చేతిలో పేలుతుందేమోనని వైరు లాగేసి, బటన్ నొక్కిపట్టి ఆపేశాను. రాసినదంతా పోయింది. ఫోను దానంతటదే ఆగిపోయిందనుకుని పిల్ల కూలబడింది. నేనే ఆపానని దానికి చెప్పలేదు.

మర్నాడు దానికి చెప్పకుండా సెంటరుకి వెళ్ళాను. మాస్టారు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టుకుని, ఎవరిది ఏ టైముకి ఆగిందో, ఏ ప్రశ్న దగ్గర ఆగిందో రాసి, ఫొటోలు జతచేసి, పురికొసతో కట్టలు కడుతున్నారు. ఫొటోలున్నవాళ్ళకి మిగిలిన టైము తిరిగి ఇస్తారట. లేనివాళ్ళ సంగతి యూనివర్సిటీ కమిటీ తేలుస్తుందట. మా ఇంట్లో కరెంటు పోయి ఫోను ఆగిపోయిందని రాయమని బతిమాలాను. ఆయన కలం కింద పెట్టారు.

"ఒక్క అబద్ధం దొరికితే మిగతా పిల్లల కాగితాలు కూడా నమ్మరండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీరు సంతకం పెట్టండి."

"దానికి తెలిస్తే ఇంక నా మొహం చూడదు మాస్టారూ."

"నేను చెప్పనండి. ఆ మాట మీరే చెప్పాలి."

సంతకం పెట్టాను. ఆ కాగితం యూనివర్సిటీకి వెళ్ళిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు. పక్కింటావిడ చేత రోజూ ఆయనకి ఫోన్ చేయించేదాన్ని. ఇంకా జవాబేమీ రాలేదని, నన్ను అన్నం తినమని చెప్పేవారు. ఒక్కరోజూ విసుక్కోలేదు.

చివరికి మళ్ళీ రాయనిచ్చారు. ఈసారి పిల్లల్ని సెంటర్లోనే కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పక్కన తెల్లకాగితాలు పెట్టారు మాస్టారు. సర్వరు మళ్ళీ పడిపోతే చేత్తో రాయమన్నారు. రాసేవాళ్ళకంటే ఆయనకే ఎక్కువ చెమట పట్టింది. మనవరాలు పాసయింది. దానికి చెప్పారా అని ఆ తర్వాత కనిపించినప్పుడల్లా నన్ను కళ్ళతోనే అడిగేవారు. నేను తల దించుకునేదాన్ని.

నిన్న మాస్టారి భార్య ఫోన్ చేశారు. ఆనాటి కాగితాల నకళ్ళన్నీ బీరువాలో ఉన్నాయట, ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళమన్నారు. మాస్టారి దస్తూరీ దాచుకుంటానని పిల్ల అంటోంది. ఆ దస్తూరీ కింద నా సంతకం ఉంది.

ఇది ఫోనులో మీకు పంపడం నాకు చేతకాదు, మా మనవరాలే పంపాలి. ఇప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. లోపలికి రాగానే దీన్ని దాని చేతిలో పెట్టి, పంపేముందు చదవమంటాను. శుక్రవారం పదింటికి మాస్టారి ఇంటికి వస్తామని ఆవిడకి చెప్పాం, ఇద్దరమూ.