బెల్టొక్కటే సరిపోయిన గౌను

శుక్రవారం, పగలు పదకొండు గంటలు. మేస్త్రీమామ గోడగడియారం కొట్టిన దెబ్బలు లెక్కపెట్టాను కాబట్టి గంట చెప్పగలను. తారీఖు మాత్రం అడగొద్దు, ఆ రోజుల్లో క్యాలెండరు నాకు బొమ్మలు చూసుకోవడానికే. ప్రొద్దుటూరులో మామ నడిపే, ఆడవాళ్ల బట్టలు కుట్టే అంగట్లో పనికి చేరి రెండేళ్లయింది. టేపు మీది అంకెలు చదవడం రాదని ఎవరికీ చెప్పలేదు. మనిషికొక దారం తీసి, ఛాతీకొక ముడి, నడుముకొక ముడి వేసి మేకుకు తగిలించేదాన్ని. "పుస్తకమెందుకు మామా, దారముంటే సాలదా?" అంటే మామ మురిసిపోయేవాడు. (నేను అంతకన్నా మురిసేదాన్ని.)

పులివెందుల పిల్ల ఒకతి, బెంగళూరులో ఆఫీసు ఉద్యోగం వచ్చిందని, పత్రికలో చింపిన బొమ్మ పట్టుకొచ్చింది. మెడ నుంచి మోకాలిదాకా ఒంటికి పట్టినట్టు నిలువుగా దిగే గౌను, నడుముకు బెల్టు. "పైన కోటేస్తే పగలు ఆఫీసుకు, కోటు తీసి బెల్టు బిగిస్తే సాయంత్రం విందుకు. రెండిటికీ ఒకటే అక్కా" అంది. వాళ్లమ్మ దాచిపెట్టిన నీలం గుడ్డ చేతికిచ్చింది. ఒళ్లు వస్తే విప్పుకోవడానికి కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలడం మా అంగడి పద్ధతి. బొమ్మలో మాదిరి నున్నగా రావాలని, నేను ఆ కాస్తా కత్తిరించి పారేశాను.

ఆ శుక్రవారం తెర వెనక గౌను వేసుకుంటే వీపు జిప్పు సగంలో ఆగిపోయింది. నేనొక పక్క, తోడొచ్చిన చిన్నమ్మ ఒక పక్క, జొన్నమూట మూతి కట్టినట్టు లాగాం. తల తిప్పి మేకు చూశాను. ఆ పిల్ల దారం ముట్టనట్టే వేలాడుతోంది. నేను గుడ్డ కోసింది పక్క దారం కొలతతో. అది జమ్మలమడుగు టీచరమ్మది, వెదురుబద్దలాంటి మనిషి. నిజం చెబితే అంకెలు రావన్న గుట్టు బయటపడుతుంది, పని పోతుంది.

"నేనేం జేసేది? నువ్వే లావైనావు పాపా."

"పది దినాల్లోనా?"

"ఉద్యోగమొచ్చిన కుశాలకు శానా తిన్నట్టుండావు."

కాజాలు కుట్టే అక్క పగలబడి నవ్వింది. "పస్తులుండు మే, బెంగళూరోళ్లంతా సన్నగుంటారంట!"

"నేను సెప్తానే ఉండా, రెండు ముద్దలు సాలని" అంది చిన్నమ్మ. పిల్ల కళ్లు తుడుచుకుంటూ తానూ నవ్వింది. గౌను విప్పి చీర కట్టుకుని, దాని మీద బెల్టు పెట్టి చూసుకుంది. అదొక్కటే సరిపోయింది. గౌను మడిచి సంచిలో పెట్టుకుని బస్సుకు పోయింది.

ఉగాదికి ఆ గౌనుతోనే వచ్చింది. మెడ కింద ఎముకలు తేలాయి. బెల్టుకు కొత్త తూటు పొడిచింది. "రాత్రిపూట కూడు మానేసినానక్కా, నువ్వు లావైనానని సెప్పబట్టే" అని నా చేతిలో మిఠాయి పొట్లం పెట్టింది. తిన్నాను. (బాగుండింది కూడా.)

నలభై దాటాక పెద్దల బడికి పోయాను. అందరూ సంతకం నేర్చుకుంటుంటే నేను టేపు పట్టుకుపోయి అంకెలు దిద్దాను. ఇప్పుడు ఊరంతా నన్ను ముక్కుసూటి ముసలిదంటారు, నిజం ముఖానే కొడుతుందంటారు. విన్నప్పుడల్లా నవ్వొస్తుంది.

ఆ రోజు అంగట్లో ఉన్నది మేస్త్రీమామ, కాజాల అక్క, పులివెందుల పిల్ల, ఆమె చిన్నమ్మ. మేకుకు వేలాడే దారం సంగతి తెలిసి నోరు మూసుకున్నదాన్ని, నేను.