పళ్ల డాక్టరూ, గాలిబుడగా

మా మామయ్య పళ్ల డాక్టరు. నోరు తెరుచుకుని కూర్చున్న మనిషితోనే వాదన పెట్టుకుంటాడు; మూశాక ఒక్క ముక్క మాట్లాడడు. అదీ ఎప్పుడూ ఒకటే వాదన: ఏఐలో ప్రపంచం కుమ్మరిస్తున్న డబ్బంతా గాలిబుడగా, కాదా?

ఆయనకు పనిముట్లు అందించే మేనకోడల్ని కాబట్టి రెండు పక్షాలూ నాకు కంఠతా వచ్చు. ఏఐ షేర్లు కొన్నవాడు కుర్చీ ఎక్కితే, "అంతా బుడగేనండీ! ఈ కంపెనీ ఆ కంపెనీకి డబ్బిస్తుంది, ఆ కంపెనీ అదే డబ్బుతో దీని చిప్పులు కొంటుంది. ఒకే బిందెడు నీళ్లు అటూ ఇటూ పోసుకుంటూ చెరువు నిండిందంటే ఎలాగండీ?" అంటాడు. బుడగేనని నమ్మే లెక్కల మాస్టారు వస్తే, "ఒకప్పుడు రైలు కంపెనీలు మునిగినా అవి వేసిన పట్టాలు జనానికి మిగల్లేదా?" అని తిరగబడతాడు. పాపం మాస్టారు నోట్లో దూదితో "ఊఁ! ఊఁ!" అని గింజుకోవడమే.

"అసలు నువ్వు ఏ పక్షం మామయ్యా?"

"నోరు తెరిచినవాడికి ఎదుటి పక్షం!"

ఒకసారి రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ మీసాలు చూస్తే దొంగలు వాళ్లంతట వాళ్లే లొంగిపోవాలి. దవడ బంతిలా వాచింది. సూది కనబడగానే "ఫోనొస్తోంది" అంటూ రెండుసార్లు లేచి పారిపోయాడు. చీము పట్టింది, ఇంక ఆగితే ప్రమాదమన్నాడు మామయ్య. మూడోసారి భార్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఆయన వణుకుడికి కుర్చీ టకటకలాడుతోంది.

ఆయన నోరు తెరవగానే మామయ్య తాపీగా అందుకున్నాడు. "ఏఐ షేర్లు కొన్నారటగా? అయ్యో, మంచివాళ్లు, మోసపోయారు."

వణుకు ఠక్కున ఆగింది. కళ్లు ఎర్రబడ్డాయి. "ఆఁ... ఒఁ... ఆఁ!"

"నిన్న ఆ ఏఐని అడిగితే మనిషికి నలభై పళ్లంది. అలాంటిదాన్ని నమ్ముకుని..."

ఇన్‌స్పెక్టరు వేలు ఆడిస్తూ మూగగా ఉపన్యాసమే ఇచ్చేశాడు. చివరికి నోట్లో దూది నాలికతో పక్కకు నెట్టి గర్జించాడు. "కరెంటొచ్చిన కొత్తల్లోనూ ఇలాగే అన్నారు! ముందు ఆ పన్నేదో పీకండి, తర్వాత మీ సంగతి చెబుతా!"

"పీకి చాలాసేపైందండీ," అని మామయ్య పళ్లెం చూపించాడు.

ఇన్‌స్పెక్టరు పన్ను వంక చూశాడు, మామయ్య వంక చూశాడు. మెల్లగా మీసాలు నవ్వాయి.

ఆయన వెళ్లాక అడిగాను. "అందర్నీ రెచ్చగొట్టేది ఇందుకా?"

"కోపం నెత్తికెక్కినవాడికి సూది గుర్తుండదే. ఇదివరకు క్రికెట్టుతో నెట్టుకొచ్చేవాణ్ణి. ఇది దొరికాక పిప్పిపళ్లు కూడా నవ్వుతూ ఊడొస్తున్నాయి."

"ఇంతకీ అది బుడగేనా?"

"అదే తెలిస్తే ఊళ్లోవాళ్ల నోళ్లలో వేళ్లెందుకు పెడతానూ!"

మరుసటి వారం ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి వణుకుతున్నది భార్య. ఆవిణ్ణి జాగ్రత్తగా కుర్చీలో కూర్చోబెట్టి, మామయ్య చెవిలో గుసగుసలాడాడు.

"మా ఆవిడకి షేర్ల గొడవ పట్టదు డాక్టరుగారూ. మా అక్క వంట మెచ్చుకోండి, చాలు."