మా ఇంటి వెరిఫికేషన్

ఇంటర్న్ అన్నవాళ్లు ఆఫీసుకు అందరికంటే ముందు రావాలి, అందరి తర్వాత వెళ్లాలి, తెలియనిది తెలియదని ఒప్పుకోవాలి. కాలేజీలో మాకు ఇదంతా ఉపదేశించిన మేడమ్ ఇల్లు ఆఫీసుల పక్కనే ఉండి ఉంటుందని నా అనుమానం. మాది చేవెళ్ల రోడ్డు దిగి లోపలికి వెళ్లాల్సిన హిమాయత్‌నగర్, సిటీలోది కాదు, పల్లెటూరు. షేర్ ఆటోలో కొత్తిమీర కట్టల మధ్య ఇరుక్కుని మొయినాబాద్ చేరి, అక్కడ బస్సు పట్టుకునేదాన్ని. గచ్చిబౌలిలోని ఆ ఫైనాన్స్ కంపెనీ ఏసీ గదిలోకి ముందు కొత్తిమీర వాసన వెళ్లేది, తర్వాత నేను.

అయినా పట్టు వదల్లేదు. మేనేజర్ సార్ అడగకముందే ఫైలు ఆయన టేబుల్ మీద ఉండేది. ఒకరోజు ఆయన, "నిన్ను పర్మనెంట్ చేయమని రాస్తున్నానమ్మా" అన్నారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. లెటర్ చేతికొచ్చాక బాపు ముందు పెట్టి ఆయన మొహం చూడాలని నా సరదా. ఆ సరదాయే కొంప ముంచింది.

ఉద్యోగం ఖాయం చేసే ముందు కంపెనీ ఇంటికి మనిషిని పంపి వివరాలు సరిచూస్తుందని నాకు తెలియదు. ఆ వచ్చినాయన కారు దిగి, సొంత ఇల్లేనా, పొలం ఎంత, మీ అమ్మాయి ఇక్కడే ఉంటుందా అని బాపును అడిగాడు. అవి ఐటీ బూమ్ రోజులు. అటు అద్దాల బిల్డింగులు లేస్తుంటే, ఇటు మా ఊళ్లోకి కొత్త కారు వచ్చిందంటే భూమి బ్రోకరే. వాళ్లూ సరిగ్గా ఇవే ప్రశ్నలు అడిగేవాళ్లు. కాగితం మీద ఆడపిల్లకూ హక్కుంటుంది కాబట్టి ముందు ఆమె సంతకం కోసమే తిరిగేవాళ్లు. పక్కింటివాళ్ల పొలం అట్లాగే పోయింది. మా ఇంట్లో మాత్రం పొలమంతా మా అన్నదేనని నేనూ అనుకుంటూ పెరిగాను.

"మాకు బిడ్డనే లేదు, పో" అన్నాడు బాపు.

గోడ మీది నా స్కూలు ఫోటో చూపించి ఆయన, "మరి ఈ అమ్మాయెవరు?" అని అడిగాడట.

"ఫ్రేముతోని వచ్చింది" అన్నాడట బాపు.

మర్నాడు మేనేజర్ సార్ పిలిచి, "ఆ ఇంట్లో కూతురే లేదట. తప్పుడు అడ్రస్ ఇచ్చిన మనిషిని ఫైనాన్స్‌లో ఎట్లా పెట్టుకోమంటావు?" అన్నారు. ఏడుస్తూ బ్రోకర్ల కథంతా చెప్పాను. ఆయన, "రేపు మళ్లీ పంపిస్తాను. ఈసారి కూడా తేడా వస్తే నా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు.

ఫోనులో బాపును కడిగిపారేశాను. "రేపు అదే సారొస్తడు. బిడ్డ ఉన్నదని చెప్పు, సాలు!"

ఆ 'సాలు' బాపు చెవికెక్కలేదు. మర్నాడు వాడకట్టునంతా పిలిచి వాకిట్లో కూర్చోబెట్టాడు. వచ్చినాయన్ని ముందు ఐడీ కార్డు చూపించమన్నాడు. అదీ చాలక నాకు ఫోను చేసి, "ఈన మీ ఆఫీసాయననేనా? జర గొంతు విను" అని ఫోను ఆయన చేతికిచ్చాడు. తర్వాత ఒక్కొక్కరే నేను పుట్టానని సాక్ష్యం చెప్పారు. ఒక అవ్వ నా బొడ్డు కోసింది తానేనంది. నాటుకోడి కూర తినిపించాక గానీ ఆయన్ని వదల్లేదు. ఆయన రిపోర్టులో రాసింది ఇంతే: కూతురు ఉంది, అనుమానం లేదు.

సార్ పడీ పడీ నవ్వి, వెరిఫికేషన్ పనికి నాకంటే మా నాన్నగారే నయమన్నారు. లెటర్ మాత్రం నాకే ఇచ్చారు.

ఇంటికెళ్లి దాన్ని బాపు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు. నాకు మాత్రం కోపం చల్లారలేదు.

"బిడ్డ లేదనేటందుకు నీకు నోరెట్లొచ్చింది బాపూ?"

"ఉన్నదంటే సంతకం అడుగుతరు. నువ్వు పెట్టినవంటే నీ వాటా పోతది."

"నాకు వాటా ఉన్నదా?"

ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు బాపు.

"లేకుంటే నిన్నెందుకు దాస్తనే?"