చేపలకు పెట్రోలు వాసన పట్టిన వారం

నేను ఐదో తరగతి చదివే రోజులు... అమ్మ అమ్మే చేపలకు ఒక వారం పాటు పెట్రోలు వాసన పట్టింది.

మాది మైపాడు దగ్గర సముద్రపు ఒడ్డు. తెల్లవారగానే నాయన తన పాత మోటారు సైకిలు వెనుక చేపల గంప కట్టి, పైన తడి గోనె కప్పేవాడు. తనకూ గంపకూ మధ్య ఇరుకుగా అమ్మ కూర్చునేది. పెన్న దాటి కోవూరు వెళ్లి, అక్కడి వీధుల్లో అమ్మేవారు.

ఆ వారం బండి ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ నుంచి పెట్రోలు చుక్కలుగా కారసాగింది. ఆ వాసన గోనెకు, గోనె నుంచి చేపలకు... అమ్మకు రోజూ మొదటి బేరం ఇచ్చే ఒక రైతు ఇంటి ఇల్లాలు చేపను వాసన చూసి తిరిగి గంపలో పడేసిందట.

"చేపలు తెస్తుండావా, పెట్రోలు తెస్తుండావా? ఇంకోసారి ఇట్టనే ఉంటే మా వీధికి రాబాక!"

ఆవిడ కాదంటే ఆ వీధి మొత్తం కాదంటుంది. అమ్మ దిగులు అదే.

మా ఒడ్డున ఏది కారినా ఒకటే మందు... సైకిల్ ట్యూబు ముక్క. నీళ్ల డ్రమ్ముకైనా, పడవ ఇంజనుకైనా అదే. నాయన కార్బురేటర్ అడుగున ఉండే గిన్నెను విప్పి, "నీది సన్నచెయ్యి పాపా, నువ్వు కత్తిరించు" అన్నాడు. గిన్నె అంచున కారకుండా పెట్టే పాత కాగితపు గాస్కెట్‌ను కొలతగా పెట్టుకుని, ట్యూబును ఉంగరంలా కత్తిరించి ఇచ్చాను.

మరునాటికి ఆ రబ్బరు పెట్రోలులో నాని ఉబ్బిపోయింది. కారడం ఆగకపోగా గిన్నె అంచు చుట్టూ కొత్తగా తడి... నేను వంకరగా కత్తిరించినందుకే ఇలా అయిందనుకున్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

అవ్వ, అంటే నాయన తల్లి, అది గమనించింది. వలలు బాగుచేయడంలో మా పల్లెలో ఆమెకు మంచి పేరు.

"యాడ కారతా ఉండాదో చూడకుండా మూసేదేందిరా? బిడ్డ మొగం చూడు, ఎట్టయిపోయిందో!"

ముందు పొయ్యి ఆర్పించింది. నాయన చుట్టను దూరంగా పారేయించింది. ఉబ్బిన రబ్బరు తీసి పాత గాస్కెట్‌నే పెట్టమంది.

"ఇప్పుడు బాగా తుడిచి, పెట్రోలు కొళాయి తిప్పు. చేతులు కట్టుకోని చూడు."

బండి పక్కన నేల మీద అందరం కూర్చున్నాం. కాసేపటికి మొదటి చుక్క పుట్టింది... గిన్నె అంచు దగ్గర కాదు, అడుగున ఉన్న సన్నని గొట్టం కొసన! గిన్నెలో పెట్రోలు మట్టం మించినప్పుడు బయటికి పోయే దారి అది. అంటే లోపలికి వచ్చే పెట్రోలు ఆగవలసిన చోట ఆగడం లేదు.

నాయన గిన్నెను మళ్లీ విప్పాడు. లోపల ఒక చిన్న ఇత్తడి బుడ్డ ఉంటుంది. పెట్రోలు నిండేకొద్దీ అది తేలి, ఒక సూదిని పైకి నెట్టి దారి మూస్తుంది. అవ్వ దాన్ని తీసుకుని చెవి దగ్గర ఊపింది. వలను తేల్చే ప్లాస్టిక్ బెండ్లను కూడా ఆమె కట్టేముందు అలాగే ఊపి చూసేది... లోపల నీళ్లు చేరిన బెండు తేలదు కనుక.

"దీంట్లో పెట్రోలు దూరుండాదిరా. ఇదెట్ట తేలతాది? పాప కత్తిరింపు బాగనే ఉండాది. నువ్వు ట్యూబు పెట్టిందే తప్పు."

నా చెవి దగ్గరా ఊపింది. లోపల గళగళమంది... ఆ చప్పుడు విన్నాక గానీ నాకు ఆకలి తెలియలేదు.

నాయన నెల్లూరు వెళ్లి కొత్త బుడ్డ, కొత్త గాస్కెట్ తెచ్చి బిగించాడు. బండి కింద పాత పేపరు పరిచి గంటసేపు చూశాం. ఒక్క చుక్క లేదు. అమ్మకు మాత్రం నమ్మకం కుదరక గోనె కూడా మార్చింది.

మరునాడు ఆదివారం. ట్యాంకు మీద కూర్చుని నేనూ కోవూరు వెళ్లాను. ఆ ఇల్లాలు అరుగు దిగి వచ్చి, ఒక చందువ చేపను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. తిప్పి మరోసారి వాసన చూసింది. అమ్మ చేతులు గంప అంచును గట్టిగా పట్టుకున్నాయి...

"వదినా, రా రా! ఇయ్యాల చేపలు చేపల మాదిరే ఉండాయి!" అని పక్కింటికి వినబడేలా కేకేసింది.

అమ్మ నవ్వింది. వారం తరువాత చూసిన నవ్వు అది.

ఇప్పుడు నెల్లూరులో ద్విచక్ర వాహనాల మరమ్మతు నేర్పుతున్నాను. పాత బండి కారుతోందంటే, ముందు తుడిచి మొదటి చుక్క ఎక్కడ పుడుతుందో చూడమంటాను. అంచు దగ్గరైతే గాస్కెట్... గొట్టం నుంచైతే సూది దగ్గర నలక గానీ, బుడ్డలో చిల్లు గానీ. నా దగ్గర నేర్చుకునే పిల్లలు నాకంటే త్వరగా కనిపెడుతున్నారు. అది చూస్తే ధైర్యంగా ఉంటుంది.

కొత్త బండ్లకు కార్బురేటరే లేదు. లోపం ఏమిటో పరీక్షించే యంత్రం తెర మీద ఒక అంకె చెబుతుంది. మంచిదే... కానీ ఒక బండి చుట్టూ ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చుని, ఒక్క చుక్క కోసం ఎదురుచూసే తీరిక ఇప్పుడు ఎవరికుంది?

మీ ఇంట్లో అందరూ చుట్టూ చేరి బాగుచేసుకున్న వస్తువు ఏది? ముందు చేసిన తప్పుతో సహా రాయండి... ఓపికగా చదువుతాను.