బోటు వెళ్ళని రోజు

ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల గదికి నన్ను ఇన్‌చార్జిని చేసిన కొత్తలోనే తుఫాను హెచ్చరిక వచ్చి దూరపు దీవిలోని హట్ బేకి వెళ్ళే బోట్లన్నీ ఆగిపోయాయి. గదికి ఒకటే తలుపు. తెరిస్తే హాలు నిండా జనం. బెంచీల మీద, నేల మీద, మూటల మీద ఎక్కడ చూసినా వాళ్ళే. పై అధికారికి ఫోన్ చేస్తే, "ఆర్డరొచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దు" అని పెట్టేశారు.

ఒకాయన కిటికీ చువ్వలు పట్టుకుని, "దీదీ, బోట్ కబ్ జాయేగా? ఎప్పుడెల్తాది? ఫ్యాను కింద కూకున్నోళ్ళకి మా బాధేటి తెలుస్తాది?" అని అరిచాడు. నేనూ అరిచాను. దాంతో హాలంతా లేచి కిటికీ మీద పడింది. భయపడి రెక్కలు మూసేశాను.

గదిలో ఊపిరాడలేదు. అరచేతులు బల్లకు ఆనించి నిలబడ్డాను. నాది కోపం కాదని అప్పుడు తెలిసింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదన్న భయం. పోనీ, ఆ సంగతే చెబితే?

తలుపు తీసి బయటికి వచ్చాను. చేపలమ్మే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, హట్ బేలో నా కూతురికి నొప్పులొచ్చీసినాయట. బోటు ఎల్తాదా, ఎల్లదా? నిజం సెప్పు."

"ఈరోజు వెళ్ళదమ్మా. రేపటి మాట నాకూ తెలీదు. గంటగంటకీ వచ్చి తెలిసింది చెప్తాను. ఏమీ తెలియకపోయినా వచ్చి ఆ మాటే చెప్తాను."

హాలు కాస్త సద్దుమణిగింది. ఆ రోజంతా గంటగంటకీ బయటికి వెళ్ళాను. ప్రతిసారీ ఒకే మాట: "ఇంకా ఏమీ తెలీలేదు." కొందరు విసుక్కున్నారు. కిటికీ మీద మాత్రం ఎవరూ మళ్ళీ పడలేదు.

సాయంత్రం అధికారి ఫోన్ చేశారు. "నిన్నెవరు మాట్లాడమన్నారు?"

"మాట్లాడకపోతే తలుపు విరిగేది సార్."

"సంజాయిషీ రాసివ్వు."

మర్నాడూ బోటు కదల్లేదు. ఆ పూటే పెద్దావిడకు ఫోనొచ్చింది. కూతురికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన కూర్చోవడం తప్ప నేనేమీ చెయ్యలేకపోయాను.

సముద్రం శాంతించాక హట్ బే బోటును జెట్టీకి తెచ్చారు. ఎక్కబోతూ ఆవిడ నా వైపు తిరిగింది.

"నువ్వు అబద్ధం సెప్పలేదు, మంచిదే. కానీ నా పిల్ల నొప్పులు పడ్డప్పుడు నేను పక్కన లేకపోతిని కదమ్మా."

మూట అందుకుని ఆవిణ్ణి బోటెక్కించాను.